మామగారి తలకిందుల ఆకాశం

మామగారికి తెలియని సంగతి ఒక్కటే ఉండేది. ఆకాశంలో ఏ పొర మీద ఏ పొర ఉంటుందో ఆయనకు తెలియదు. కుళాయి బాగుచేయడం తెలుసు, కూరగాయల బేరం తెలుసు, ఎవరింటికి ఏ వేళప్పుడు వెళ్లకూడదో కూడా తెలుసు. భూమి చుట్టూ గాలి అయిదు దొంతరలుగా ఉంటుందన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన నాలుక తడబడేది. మనముండేది ట్రోపో ఆవరణం, దాని మీద స్ట్రాటో, ఆ మీద మీసో, ఆపైన థర్మో, చిట్టచివర ఎక్సో అని బడిపిల్లలు సైతం గడగడా చెబుతారు. మామగారి నోట ఈ అయిదూ ఒక్కనాడూ వాటి వాటి చోట్లలో నిలబడిన పాపాన పోలేదు. పేకముక్కల్లా కలిసిపోయేవి.

తెలియకపోతే ఏం, ఎంతమందికి తెలుసు అనుకోవచ్చు. కానీ ఆయన ఉద్యోగమే అది. ఊరి చివర వాతావరణ పరిశీలన కేంద్రంలో పనిచేసేవారు. రోజూ ఓ పెద్ద తెల్లటి బెలూన్‌లో గ్యాస్ నింపి, దానికి చిన్న పరికరం కట్టి పైకి వదలాలి. అది ఎక్కుతూ ఎక్కుతూ ఎక్కడ ఎంత చలిగా ఉందో, ఎంత తేమ ఉందో, గాలి ఎటు వీస్తోందో రేడియోలో కిందికి చెబుతుంటుంది. చివరకు ఎక్కడో ఉబ్బి పగిలిపోతుంది. జీవితమంతా బెలూన్లు వదిలిన మనిషికి అవి పోయే దారి తెలియకపోవడమంటే పోస్ట్‌మ్యాన్‌కి వీధుల పేర్లు తెలియకపోవడమే. వీధిలో అందరూ ఆయన్ని బెలూన్ మావయ్య అని ముద్దుగా పిలిచి, చాటుగా నవ్వుకునేవారు.

ఇంట్లో ఒక్క మనిషికి మాత్రం నవ్వొచ్చేది కాదు. అది కోడలు. ఆమె సైన్సు టీచరు కావడం ఒక కారణం. పుట్టుకతోనే కంగారు మనిషి కావడం రెండోది. పొయ్యి ఆర్పానో లేదో అని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చే రకం. ఫోన్ మోగితే ఎవరికేమైందోనని గుండె దడ, మోగకపోతే ఎందుకు మోగలేదోనని దడ. అలాంటి మనిషి ఇంట్లో ఆకాశం రోజుకో తీరుగా తలకిందులవుతుంటే ఎలా ఉంటుంది?

పెళ్లికి ముందు ఆమె మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన రోజు సంగతే చూడండి. కాబోయే అత్తామామలు ఏమంటారో, తను ఏమంటుందో, అన్నది వాళ్లకి ఇంకెలా వినిపిస్తుందో అని ఆలోచించి ఆలోచించి ఆమెకు అరచేతులు తడిసిపోయాయి. చేతిలో టీ కప్పు సాసర్ మీద టకటకా కొట్టుకుంటోంది. అత్తగారు అది విననట్టు కిటికీ వైపు చూస్తున్నారు. మామగారు కుర్చీ ముందుకు లాక్కుని, మీరు సైన్సు చెబుతారట కదా అమ్మా అని, మన నెత్తి మీద మొదట ఉండేది స్ట్రాటో ఆవరణమే కదా, ట్రోపో దాని మీద కదా అని అడిగారు.

కప్పు చప్పుడు ఆగిపోయింది. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, కాదండీ అని మొదలుపెట్టింది. చిందిన టీలో వేలు ముంచి బల్ల మీద గీతలు గీసింది. ఆయన తల ఊపి, అంటే ఎక్సో మధ్యలో ఉంటుందన్నమాట అన్నారు. ఆమె మళ్లీ గీసింది. బయటికొచ్చాక కాబోయే భర్త, మా నాన్నని పావుగంట సేపు చీవాట్లు పెట్టావు తెలుసా అన్నాడు. ఆ మాటకు ఆమె, ఇక ఈ సంబంధం పోయినట్టే అనుకుంది. పోలేదు. పిల్ల చాలా ధైర్యస్థురాలని మామగారు మెచ్చుకున్నారట.

పెళ్లయ్యాక తెలిసింది, ఈ రోగం ఇంటికే పరిమితం కాదని. ఓసారి వైద్య పరీక్షల కోసం ఆమె ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళితే, లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల వీళ్లిద్దరూ కాక ఒక లావుపాటి లాయరు ఉన్నాడు. లైటు ఆరగానే అతను టై ఊడదీసుకుని, గాలి అయిపోతోంది, గాలి అయిపోతోంది అని తలుపు బాదడం మొదలెట్టాడు. కోడలు చేతికందిన బటన్లన్నీ నొక్కేస్తోంది. మామగారు మాత్రం తాపీగా, గాలి ఎక్కడికి పోతుందండీ, ఉన్న గాలిలో ముప్పాతిక మీసో ఆవరణంలోనే ఉందాయె, అక్కణ్నుంచి దిగుతూ ఉంటుంది అన్నారు. లాయరు తలుపు బాదడం ఆపి, ఎవరు చెప్పారు మీకు అన్నాడు. ముప్పాతిక ట్రోపోలో ఉంటుంది కదండీ అని చీకట్లోంచి కోడలు సన్నగా అంది. అదిగో, ఆవిడ చెబుతోంది వినండి అని లాయరు ఆమెనే సాక్షిగా పెట్టుకున్నాడు. తలుపు తెరిచి మనుషులు బయటికి రమ్మంటుంటే లాయరు రానన్నాడు. ఇంకా క్రాస్ ఎగ్జామినేషన్ పూర్తి కాలేదట.

ఇంకోసారి కొడుక్కి పన్ను పీకించాలి. వయసొచ్చిన మగాడు, సూది చూసి బెదిరిపోయాడు. మామగారు పక్కన నిలబడి, డాక్టరుగారూ, ఓజోన్ ఉండేది థర్మోలో కదా, నేను మావాడికి ఎప్పుడూ అదే చెబుతాను అన్నారు. కొడుకు నోరు తెరిచి ఉంది, అందులో డాక్టరు చేతులున్నాయి. కాదనడానికి లేదు. గొంతులోంచి ఆ ఆ అని వింత శబ్దాలు చేశాడు, చేతులు పైకీ కిందికీ ఊపాడు. పన్ను బయటికి వచ్చాక, బుగ్గలో దూదితో అతను అన్న మొదటి మాట, ఓజోన్ స్ట్రాటోలో నాన్నా అని.

ఇలాంటప్పుడల్లా అత్తగారు కస్సుమనేవారు. ఇన్నేళ్లు ఆ ఉద్యోగం వెలగబెట్టి ఇంకా అయిదు ముక్కలు రాలేదంటే మిమ్మల్ని ఏమనాలండీ అని దులిపేసేవారు. ఆయన బుద్ధిగా విని, రేపటికి నేర్చుకుంటాలే అనేవారు.

ఇలా ఉండగా కోడలికి కొత్త బడిలో ఉద్యోగం వచ్చింది. ఏడాది పాటు పని చూసి, నచ్చితేనే ఖాయం చేస్తారు. బడిని నడిపేది పెద్ద మేడమ్. ఆవిడ చేతిలో ఎర్ర పెన్ను ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నోటీసు బోర్డు మీద కాగితాల్లోనూ, పెళ్లి శుభలేఖల్లోనూ కూడా తప్పులు దిద్దుతుందని ప్రతీతి. పిల్లలే కాదు, గోడలు కూడా ఆవిడ వస్తుంటే నిటారుగా నిలబడేవి. ఏడాది అయిపోవస్తున్న రోజుల్లో ఒకనాడు ఆవిడ కోడల్ని పిలిచి, మీ మామగారు వాతావరణ కేంద్రంలో ఉన్నారట కదా, మీ క్లాసు ఆడపిల్లల్ని తీసుకెళదాం, ఆయన చేతే పాఠం చెప్పిద్దాం, నేనూ వస్తాను అంది.

కోడలు సరేనని తలూపి వచ్చేసింది. ఆ సాయంత్రమే భర్త దగ్గర మొరపెట్టుకుంది, ఆ రోజుకి మామగారి చేత సెలవు పెట్టించమని. అతను నవ్వాడు. ఇక లాభం లేదని ఆమె అయిదు పొరలూ రంగుల్లో గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. భోజనాల దగ్గర మామగారి చేత వల్లె వేయించింది. మొదటి రోజు ఆయన రెండు పొరలు తారుమారు చేశారు. ఆమె ముఖం వాడింది. మర్నాడు మూడు తారుమారు చేశారు. ఆమెకు అన్నం సయించడం మానేసింది. ఆమె కంగారు పెరిగినకొద్దీ ఆయన తప్పులూ పెరిగాయి. బయల్దేరే ముందురోజు ఆమె, ఒక్కసారి సరిగ్గా చెప్పండి మామయ్యగారూ, మీకు దండం పెడతాను అంటే, ఆయన పటం వంక బాగా చూసి, మన డాబా మీదినుంచే ఎక్సో ఆవరణం మొదలు, అందుకే బట్టలు తొందరగా ఆరతాయి అన్నారు. ఆమె గరిటె విసిరేసి గంటసేపు పాఠం చెప్పింది. చెప్పి చెప్పి అలిసిపోయి, ఆ పూట కడుపునిండా తిని పడుకుంది. అది మాత్రం ఆమెకు గుర్తులేదు.

మర్నాడు పిల్లల బస్సుకంటే ముందు చేరి, అసలు నోరు విప్పవద్దని మామగారిని బతిమాలుకుందామని ఆమె స్కూటర్ మీద కేంద్రానికి వెళ్లింది. ఆఫీసు కిటికీ తెరిచి ఉంది. లోపల బదిలీ మీద కొత్తగా వచ్చిన ఇద్దరు ఉద్యోగులకు ఎవరో పని వివరిస్తున్నారు.

"ట్రోపో మనకి వంటిల్లు లాంటిది. మబ్బు, వాన, పిడుగు, అన్నీ వండేది అక్కడే. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. ఒక ఎత్తుకొచ్చాక ఆ చలి పెరగడం ఆగిపోతుంది. అక్కడితో వంటిల్లు అయిపోయింది. స్ట్రాటోలో ఓజోన్ ఎండని పట్టుకుంటుంది కనక పైకెళ్లేకొద్దీ వెచ్చబడుతుంది. మన బెలూన్ బతుకు అక్కడిదాకానే. మీసోలో మళ్లీ చలి. ఉల్కలు మండిపోయేది అక్కడ. థర్మో, ఎక్సో మన పరికరానికి అందవు."

గొంతు తెలిసిందే. కానీ ఆమె రెండోసారి కిటికీలోంచి తొంగిచూసి గానీ నమ్మలేదు. మామగారు చెయ్యి కంప్యూటర్ తెర మీద పెట్టి, ఒక్క తడబాటు లేకుండా, నీళ్లు పోసినట్టు చెబుతున్నారు.

ముందు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఒళ్లు మండింది. అంటే ఇన్నేళ్లూ తనని ఆటపట్టించారన్నమాట. ఫ్రిజ్ మీద పటాలూ, తిండి మానేసిన పూటలూ, అంతా ఆయనకి వినోదమన్నమాట. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిలదీద్దామని గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి వెనక బస్సు హారన్ వినిపించింది.

మైదానంలో బెలూన్ వదలడం బాగానే సాగింది. గ్యాస్ నింపే షెడ్డుకి దూరంగా పిల్లల్ని వరుసగా నిలబెట్టి, మామగారు చేతులు వదలగానే ఆ తెల్లటి బుడగ తల పంకిస్తూ లేచింది. పైకెళ్లాక గది అంత అవుతుందని ఆయన అంటే పిల్లలు నోళ్లు తెరిచారు. ఒక్క పొరా తారుమారు కాలేదు. పెద్ద మేడమ్ ఎర్ర పెన్ను మూత తీయనే లేదు. కోడలు మాత్రం ఆయన ముఖం వంక చూడలేదు.

అంతలో పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అలాంటి మబ్బుని చూసి చూసి ఉన్న మామగారు పాఠం సగంలో ఆపేసి, అందరినీ ఆఫీసు హాల్లోకి తోలారు. కిటికీలు మూయించారు, తీగల దగ్గరికి ఎవరూ పోవద్దన్నారు. కరెంటు పోయింది. మొదటి ఉరుము పైకప్పు మీదే పడినట్టు మోగింది. పిల్లలు ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఏడుపు మొదలెట్టారు. ఒకమ్మాయి బల్ల కింద దూరింది. కోడలు వాళ్లని దగ్గరికి తీసుకోబోయి, మధ్యలోనే ఆగి తలుపు వైపు చూసింది. గ్యాస్ షెడ్డు మీద పిడుగు పడితే? బస్సు డ్రైవరు ఎక్కడున్నాడు? ఇందులో ఎవరికైనా ఏమైనా అయితే తల్లిదండ్రులకి ఏం చెప్పాలి?

సాయం కోసం పెద్ద మేడమ్ వైపు చూసింది. పెద్ద మేడమ్ గోడకి అంటుకుపోయి ఉంది. రెండు చేతులతో పెన్నుని గుండెల దగ్గర పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. బడిలో గోడల్ని నిటారుగా నిలబెట్టే మనిషికి ఉరుమంటే అంత భయమని ఎవరికి తెలుసు?

మామగారు చూశారు. తాపీగా ఆవిడ పక్కకి వెళ్లి నిలబడ్డారు.

"ఏం ఫరవాలేదు మేడమ్. ఈ ఉరుములన్నీ థర్మో ఆవరణంలో. మన దాకా రావాలంటే మీసో, స్ట్రాటో రెండూ దాటాలి. ఎంత లేదన్నా సాయంత్రమవుతుంది."

పెద్ద మేడమ్ ఒక కన్ను తెరిచింది. "ఏమన్నారు?"

"థర్మోలోనండి. ఆ పేరులోనే వేడి ఉంది కదా, అందుకే మెరుపులు."

రెండో కన్ను కూడా తెరుచుకుంది. "ఇప్పుడే కదండీ మైదానంలో ట్రోపో అని చెప్పారు. మబ్బు లేనిచోట మెరుపేమిటి?"

మబ్బు ట్రోపోలోనే ఉంటుంది, మెరుపు మాత్రం పైనుంచి అద్దెకి దిగుతుంది అన్నారు మామగారు. పెద్ద మేడమ్ గోడ వదిలింది. హాల్లో ఉన్న నల్లబల్ల దగ్గరికి నడిచి సుద్దముక్క అందుకుంది. ఇంకోసారి ఉరిమింది. ఆవిడ భుజాలు ఎగిరాయి గానీ గీత వంకరపోలేదు. మామగారు ఒక పొర పేరు చెబితే పిల్లలు కాదని అరిచారు. ఇంకోటి చెబితే ఇంకా గట్టిగా అరిచారు. ఏడ్చేవాళ్లు ఏడుపు మరిచిపోయి నవ్వసాగారు. వాన పైకప్పుని దంచేస్తోంది, లోపల గోల దాన్ని మించిపోయింది.

కోడలు ఒక పక్కన నిలబడి చూస్తోంది. మామగారు నల్లబల్ల వైపు ఒక్కసారైనా తిరగలేదు. ఆయన కళ్లు ఒక్కో ముఖం మీదా ఆగి ముందుకు పోతున్నాయి. ఏ పెదవి ఇంకా వణుకుతుంటే అక్కడ ఆగి, ఆ పిల్లనే ఓ తప్పు అడుగుతున్నారు. చివరికి బల్ల దగ్గర గొంతుక్కూర్చుని, ఉల్కలు మన ట్రోపోలోనే కాలతాయి, అందుకే ఎండాకాలం వస్తుంది కదమ్మా అన్నారు. బల్ల కిందినుంచి సన్నటి గొంతు, కాదు మీసోలో అంది. ఆయన వినిపించలేదన్నారు. ఆ పిల్ల బయటికి వచ్చి మరీ చెప్పింది.

అప్పుడు కోడలికి ఒక్కొక్కటే తట్టింది. సాసర్ మీద కొట్టుకున్న కప్పు ఎందుకు ఆగిందో, లాయరు లిఫ్ట్‌లోంచి ఎందుకు రానన్నాడో. తనకి తిండి సయించని పూటే ఎక్సో ఆవరణం డాబా మీదికి ఎందుకు దిగి వచ్చిందో. భయపడే మనిషిని భయపడొద్దంటే ఎవరూ వినరు. తప్పు చెప్పి చూడండి, ప్రాణం పోతున్నా లేచి కూర్చుని దిద్దుతారు. ఇంతలో మామగారు ఆమె వైపు తిరిగి, ఏమ్మా, నువ్వైనా చెప్పు, స్ట్రాటో అన్నిటికన్నా కిందే కదా అన్నారు. ఆమె పిల్లల వైపు చెయ్యి చూపింది. పిల్లలు ఆమె తరఫున అరిచారు.

వాన తగ్గాక ఆమె స్కూటర్ అక్కడే వదిలేసి పిల్లలతో బస్సెక్కింది. పెద్ద మేడమ్ పక్కన కూర్చోబెట్టుకుని, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ గొంతు తగ్గించింది. మీ మామగారు చాలా మంచివారు, కానీ మైదానంలో చెప్పిందంతా బట్టీపట్టినట్టున్నారు, కాస్త కదిపితే లోపల ఏమీ లేదు అంది. సెలవుల్లో తన దగ్గరికి పంపిస్తే మొదటినుంచీ నేర్పుతానంది.

కిటికీలోంచి విన్నది చెప్పేస్తే మామగారి పరువు నిలబడేది. కోడలు నోరు తెరిచింది. పెద్ద మేడమ్ ముఖంలో ఉరుము జాడే లేదు. ఒకరికి పాఠం చెప్పిన తృప్తి తప్ప ఇంకేమీ లేదు.

"అవును మేడమ్," అంది కోడలు. "ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి ఎక్కదు."

ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి వెళ్లి, మామయ్యగారికి పొరలన్నీ సరిగ్గా తెలుసని మీకు తెలుసా అత్తయ్యా అని అడిగింది. అత్తగారు చిక్కుడుకాయలు వలుస్తూ తల ఎత్తకుండానే చెప్పారు.

"తెలీకేం. మీ ఆయన పుట్టేప్పుడే తెలిసింది. నేను లోపల నొప్పులు పడుతుంటే ఈయన తలుపు బయట నిలబడి ఒకటే తప్పులు. అంతకు ముందురోజే నాకు వరసగా చెప్పిన మనిషి. నేను లోపల్నుంచి అరుస్తున్నాను, మీసో పైన, మీసో పైన అని. నర్సు నొప్పులకి అరుస్తున్నాననుకుంది."

"మరి తెలిసీ రోజూ ఎందుకు తిడతారు?"

అత్తగారు చేతిలో కాయ కింద పెట్టి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. "తెలిస్తే మాత్రం? అంత పెద్ద తప్పు చెబుతుంటే ఎలా ఊరుకుంటాం?"

సోమవారం పెద్ద మేడమ్ కోడల్ని గదికి రమ్మంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలిపోయే రోజు. బయల్దేరబోతూ ఆమె జత కలవని చెప్పులు వేసుకుంది, సంచీ మరిచిపోయి వెనక్కి వచ్చింది. వరండాలో పేపరు చదువుతున్న మామగారు తల పైకెత్తి, విమానాలన్నీ ఎక్సో ఆవరణంలోనే తిరుగుతాయని ఇందులో రాశారమ్మాయ్ అన్నారు.

ఆమెకు అంతా తెలుసు. ఎందుకంటున్నారో తెలుసు, ఎవరికోసం అంటున్నారో తెలుసు. నవ్వేసి వెళ్లిపోదామని గట్టిగా అనుకుని గేటు దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగింది. ఎక్సో ఆవరణంలో రెక్కలకి ఆనడానికి గాలేదీ?

గేటు దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. సంచీ కింద పెట్టింది.

"పేపరు ఇలా ఇవ్వండి మామయ్యగారూ. ఏ పేజీలో రాశారు?"